అంగిలిమీద తెల్లమచ్చ

శరీరములో పుట్టు వ్యాధులలో చాలభాగము కంటికి కనబడని చోటులందు పుట్టును. ఊపిరితిత్తులలోని మచ్చను చూచుటకు ఎక్స్‌రే కావలెను. రక్తములోని దోషమును కనుగొనుటకు సూక్ష్మదర్శిని కావలెను. నోటి సంగతి అట్లు కాదు. రోగి నోరు తెరచి వెలుతురు వైపు తిరిగినచో చాలును. నాలుక, బుగ్గలు, చిగుళ్ళు, అంగిలి అన్నియు వైద్యుని కంటియెదుట నుండును. అయినను మన దేశములో నోటి కాన్సరుతో ఆసుపత్రికి వచ్చువారిలో అధికసంఖ్యాకులు పుండు బాగుగా ముదిరి, మెడలో బిళ్ళలు కట్టిన తరువాతనే వచ్చుచున్నారు. ఇంత సులభముగా కనబడు వ్యాధి ఇంత ఆలస్యముగా ఏల బయటపడుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారి చరిత్రలో మన తెలుగు దేశమునకు, ముఖ్యముగా శ్రీకాకుళ విశాఖ మండలములకు, ఒక ప్రత్యేక స్థానము ఉన్నది.

మన పెద్దలు ఈ వ్యాధిని రాచపుండు అనిరి. వ్యాధి పాతదే, చికిత్స కొరకు చేయవలసిన ప్రయాణము మాత్రము కాలముతో మారినది. అనంతపురము జిల్లాలోని రాయదుర్గమునే ఉదాహరణగా తీసికొందము. వానాధారపు మెట్టసేద్యముపై బ్రతుకు ప్రాంతమిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఇది బళ్ళారి జిల్లాలోని తాలూకాగా మద్రాసు ప్రభుత్వము క్రింద ఉండెడిది. ఆ రోజులలో ఇచ్చటి రైతుకు బుగ్గలో రాచపుండు పుట్టినచో, బళ్ళారి దాటి మద్రాసు వరకు పోవలసినదే. అచ్చట కిరణచికిత్స కొరకు బర్నార్డు రేడియాలజీ సంస్థ 1934లో ప్రారంభమైనది. 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి వెలసెను. 1954లో అడయారులో కాన్సరు సంస్థయు, 1955లో హైదరాబాదులో, తరువాత మెహదీ నవాజ్ జంగు పేర ప్రసిద్ధమైన ఆసుపత్రియు, 1973లో బెంగుళూరులో కిద్వాయి సంస్థయు ఏర్పడినవి. రాయదుర్గము రోగికి ఒక్కొక్క సంస్థతో దారి కొంత దగ్గరైనది. కాని రోగి ప్రాణమును నిర్ణయించునది రైలు ప్రయాణపు దూరము కాదు. రైలెక్కుటకు ముందు ఇంటివద్ద గడచిన నెలలు. దారి తగ్గినంత మాత్రమున ఆ నెలలు తగ్గలేదు.

ఆ నెలలు ఎట్లు గడచునో ప్రతి ఊరి వైద్యునికిని తెలియును. బుగ్గలోపల చిన్న పుండు పడును. నొప్పి ఉండదు. కారము తగిలినపుడు కొంచెము మంట పుట్టును, అంతే. ఇంటిలోనివారు “వేడి చేసినది, నోరు పూసినది” అందురు. మజ్జిగ త్రాగింతురు. నోరు పూయుట మన ఇండ్లలో అందరెరిగిన సంగతియే గనుక ఎవరును దానిని శంకింపరు. కొన్నాళ్ళకు వైద్యుని యొద్దకు పోయినచో, ఆయన బి విటమిను మాత్రలు వ్రాసి, పుక్కిలింపను ఒక మందు ఇచ్చి పంపును. పుండు తగ్గదు; మాత్రలు మారును. పుండు చిగురు ప్రక్కకు ప్రాకి పన్ను కదలినచో దంతవైద్యుడు ఆ పన్ను పెరికివేయును. పన్ను ఊడిన గుంట మానవలసిన దినములలో మానక, అందునుండి కండ పెరిగి వచ్చినపుడు గాని అనుమానము కలుగదు. ఇందులో ఎవరును కావలెనని చేసిన అపచారము లేదు. నొప్పి లేనిది ప్రమాదకరము కాదను నమ్మకమే ఇన్ని నెలలను మ్రింగివేయుచున్నది. నిజమునకు ఈ వ్యాధిలో నొప్పి కడపటి లక్షణము, మొదటిది కాదు.

పుండుకు ముందు ఒక మచ్చ ఉండునను సంగతి పందొమ్మిదవ శతాబ్దమునందే వైద్యులకు తెలిసినది. ఇంగ్లండులో జేమ్సు పాజెట్ అను శస్త్రవైద్యుడు 1870లో నాలుకమీద దళసరిగా తెల్లబారిన చర్మమునుండి కాన్సరు పుట్టుటను వర్ణించెను. బుడాపెస్టు నగరములోని ష్విమ్మర్ అను చర్మవైద్యుడు 1877లో ఇట్టి మచ్చకు ‘ల్యూకోప్లేకియా’ అని పేరు పెట్టెను. తెల్లని పలక అని దాని యర్థము. వ్రేలితో గాని గుడ్డతో గాని తుడిచినను పోని తెల్లదనము దీని గుర్తు. ఇట్టి మచ్చలన్నియు కాన్సరు కావు. నూటికి కొన్ని మాత్రమే అట్లు మారును, మారుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లే వైద్యునికి దొరకిన గడువు.

ఈ గడువు విలువ ఎట్టిదో ఇద్దరు ప్రసిద్ధుల కథలవలన తెలియగలదు. అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండుకు 1893లో అంగిలి ఎడమవైపున గరుకుగా ఒక చోటు తగిలెను. అధికార వైద్యుడు దానిని చూచి, ముక్క తీయించి పరీక్షింపజేసెను. జూలై 1న ఒనైడా అను విహారనౌకపై రహస్యముగా శస్త్రచికిత్స జరిగెను. దేశములో ఆర్థిక సంక్షోభము నడచుచుండుటచే సంగతి బయటికి పొక్కనీయలేదు. శస్త్రచికిత్సలో పాల్గొన్న కీన్ అను వైద్యుడు 1917లో నిజము ప్రకటించెను. క్లీవ్‌లాండు ఆ తరువాత పదునైదేండ్లు జీవించెను. ఆయనకు వచ్చినది మెల్లగా పెరుగు జాతి కణితియని తరువాతి పరీక్షలలో తేలిన మాట వాస్తవమే. అయినను చూచిన కొద్ది వారములలోనే చికిత్స జరిగిన సంగతి గమనింపదగినది. రెండవవాడు మనస్తత్త్వవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్. చుట్టలు విడువక కాల్చువాడు. 1923లో తన అంగిలి ప్రక్కన తెల్లమచ్చవంటి పెరుగుదలను కనుగొనెను. దానిని చూచిన ఆయన వైద్యమిత్రుడు ఫెలిక్స్ డాయిష్ అది కాన్సరని గ్రహించియు, కాన్సరను మాట నోట రానీయక, వట్టి తెల్లమచ్చయని చెప్పెను. తొలి శస్త్రచికిత్స అరకొరగా జరిగినది. ఆ సంవత్సరమే పిఖ్లర్ అను వైద్యుడు దవడలోను అంగిలిలోను పెద్ద భాగము తొలగింపవలసి వచ్చినది. 1939లో మరణించులోగా ఆయన ముప్పదికి పైగా శస్త్రచికిత్సలకు లోనయ్యెను. రోగిమీది దయతో చెప్పిన అబద్ధము రోగికి మేలు చేయలేదు.

ఇక మన దేశపు కథ. మద్రాసులో శస్త్రవైద్యుడైన నిబ్లాక్ 1902లోనే, ఇచ్చట బుగ్గలో పుట్టు కాన్సరుకును తాంబూలము నములుటకును సంబంధమున్నట్లు వ్రాసెను. 1933లో ఆర్ అను వైద్యుడు తిరువాన్కూరు ప్రాంతపు తాంబూల సేవకులలో నోటి కాన్సరును గూర్చి వ్యాసము ప్రకటించెను. 1945లో బొంబాయి టాటా ఆసుపత్రి పరిశోధకుడు వి. ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి అను సహపరిశోధకురాలితో కలిసి, అలవాట్లవలన పుట్టు మూడు కాన్సర్లను వర్ణించెను. ఒకటి ధోవతి ముడి ఒరిపిడివలన నడుమునొద్ద చర్మముపై వచ్చునది. రెండవది పొగాకు, సున్నము కలిపిన ఖైనీని క్రిందిపెదవి లోపల ఉంచుకొనువారికి ఆ గాడిలో వచ్చునది. మూడవది చుట్ట కాల్చువారి అంగిలిమీద వచ్చునది. ఈ మూడవది తెలుగువారిది.

మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఖైనీ ఎచ్చట నిలుచునో అచ్చటనే పుండు. తాంబూలపు ముద్ద ఏ బుగ్గన నుండునో ఆ బుగ్గననే పుండు. ప్రపంచములో చాల దేశములలో అంగిలి ముందుభాగపు కాన్సరు అరుదు. కోస్తా ఆంధ్రలో మాత్రము అది ఆసుపత్రులందు తరచుగా కనబడెను. కారణమేమి?

శ్రీకాకుళ విశాఖ మండలములలోని పల్లెలలో, విశేషించి స్త్రీలలో, ‘అడ్డపొగ’ అను అలవాటు తరతరములుగా నుండెను. ఇంటిలో చుట్టుకొన్న చుట్టను వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని, పెదవులు మూసి పీల్చుటయే అడ్డపొగ. ఇట్లు కాల్చినచో చుట్ట త్వరగా ఆరిపోదు. గాలికి నిప్పురవ్వలు ఎగురవు. చేతులు రెండును పనికి ఖాళీగా నుండును. అలవాటునకు చెప్పు కారణములివి. పనిచేయు తల్లిని చూచి కూతురు నేర్చుకొనును. కాలుచున్న కొన అంగిలికి దిగువన అతిసమీపమున నుండును. నిప్పు వేడిమి, పొగ, తారు అన్నియు ఒకే చోట తగులును. అంగిలి మొదట తెల్లబారును. ఆ తెల్లదనములో అచ్చటచ్చట ఎర్రని చుక్కలు లేచును. అవి అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథుల ద్వారములు. తరువాత కొన్నిచోట్ల రంగు పోవును, కొన్నిచోట్ల ఎర్రబడును, కొన్నిచోట్ల ఒరసి పుండగును. తెల్లమచ్చకంటె ఎర్రమచ్చను చూచి ఎక్కువ భయపడవలెనని నేటి వైద్యులు చెప్పుదురు.

విశాఖపట్టణములో ఆంధ్ర వైద్యకళాశాల 1923లో స్థాపించబడినది. దానికి చేరిన కింగ్ జార్జి ఆసుపత్రికి ఈ రోగులు వచ్చుచుండిరి. అచ్చటి అనుభవమునుండి డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు 1957లో, నిప్పుకొనను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చుటవలన కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సరు వచ్చుచున్నదని ఒక భారతీయ వైద్యపత్రికలో ప్రకటించిరి. వ్యాధికిని అలవాటునకును గల సంబంధము దీనివలన బలపడెను. కాని ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూచు వైద్యునికి కథలోని చివరి అధ్యాయమే కనబడును. మొదటి అధ్యాయము చదువవలెనన్నచో పల్లెకు పోవలెను. ఏ బాధయు లేనివారి నోళ్ళను కూడ చూడవలెను.

ఈ పనికి పూనుకొన్నవారు దంతవైద్యులు. ఇది కొంత విచిత్రముగా తోచవచ్చును. దంతవైద్యుడనగా పన్ను పెరుకువాడని జనులు తలచు కాలమది. దంతవైద్యుల చట్టమే 1948లో గాని రాలేదు. హైదరాబాదులో దంతవైద్య విద్య 1959లో గాని ప్రారంభము కాలేదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ అణుశాస్త్రమునకు, గణితమునకు పేరు పొందినది. అందులోనే మౌలిక దంతపరిశోధన విభాగమొకటి ఉండెడిది. దాని నాయకుడు ఫాలీ మెహతా. ఆయనకు డెన్మార్కు దేశపు దంతవైద్యాచార్యుడు యెన్స్ పిండ్‌బోర్గ్ తోడయ్యెను. లెక్కల పనిని ప్రకాశ్ గుప్తా వహించెను. వీరు ఐదు జిల్లాలను ఎన్నుకొనిరి: కేరళలో ఎర్నాకుళము, ఆంధ్రప్రదేశములో శ్రీకాకుళము, గుజరాతులో భావనగరము, బీహారులో అప్పటి సింగ్‌భూము, దర్భంగా. ఒక్కొక్క జిల్లాలో పొగాకు వాడు పద్ధతి వేరు. అందుకొరకే ఆ ఎన్నిక. 1966, 1967 సంవత్సరములలో ఇంటింటికి పోయి నోళ్ళు చూచిరి. మొత్తము 50,915 మంది గ్రామీణులు. ఫలితములు 1969లో అచ్చైనవి.

ఇందులో శ్రీకాకుళము వంతు 10,169 మంది. అంగిలి మార్పులను గూర్చి వ్రాసిన ప్రత్యేక వ్యాసము 1971లో వెలువడెను. ఆ పల్లెలలో చూడబడినవారిలో నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే. అంగిలిలోని మార్పులను తెల్లదనము, గడ్డలవంటి లేపులు, ఎర్రదనము, పుండు, రంగు పోవుట అని వేరువేరుగా గుర్తించి వ్రాసిన తీరు, ఇతర దేశముల వైద్యులకు క్రొత్త. పాఠకులు గమనింపవలసినది వేరొకటి ఉన్నది. వీరికి లభించిన పరికరములేమి? దంతవైద్యుని చిన్న అద్దము, వెలుతురు. అనుమానమున్నచోట ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచుట ప్రయోగశాల పని. అనుమానించుట మాత్రము ఇంటి అరుగుమీదనే జరిగినది.

ఒకసారి చూచి విడిచిపెట్టినచో మచ్చ ముందా, పుండు ముందా అను ప్రశ్న తేలదు. కావున ఎర్నాకుళము, శ్రీకాకుళము, భావనగరము జిల్లాలలో అవే పల్లెలకు, అవే ఇండ్లకు మరల మరల పోయిరి. పదేండ్ల ఫలితములు 1980లో ప్రకటింపబడెను. క్రొత్తగా కాన్సరు వచ్చినవారిలో దాదాపు అందరును పొగాకు వాడువారే. దాదాపు అందరి నోళ్ళలోను మచ్చగాని అట్టి మరొక మార్పుగాని ముందే ఉండెను. ఆరోగ్యముగానున్న నోటిలో కాన్సరు హఠాత్తుగా ఊడిపడుట చాల అరుదని తేలినది. తరువాత అవే జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారికి అలవాటు మానుమని బోధించి, యేటేట నోరు పరీక్షించిరి. అలవాటు తగ్గినచోట క్రొత్త మచ్చలు పుట్టుటయు తగ్గినదని 1986లో ప్రకటించిరి. మచ్చ మొదటి దశలోనున్నపుడు పొగాకు మానినచో, అనేకులలో అది దానంతట అదియే వెనుకకు పోవును. పుండు వెనుకకు పోదు.

దంతవైద్యులు ప్రతి పల్లెకును పోలేరు. కావున చూచు పనిని ఇతరులు చేయగలరా అను ప్రశ్న వచ్చినది. 1980 ప్రాంతమున శ్రీలంకలో ప్రాథమిక ఆరోగ్యకార్యకర్తలకు నోరు చూచుట నేర్పి పంపిరి. ఎర్నాకుళములోను అట్లే చేసిరి. రెండుచోట్లను శిక్షణ పొందిన కార్యకర్తలు మచ్చలను చాలవరకు సరిగానే గుర్తించిరి. కాని గుర్తించుటవలన మరణములు తగ్గునా? అది వేరు ప్రశ్న. దానికి సమాధానము కేరళ రాజధాని పరిసరములలో దొరకినది. 1996లో తిరువనంతపురము జిల్లాలో పదమూడు పంచాయతీల సముదాయములను తీసికొని, ఏడింటిలో ముప్పదియైదేండ్లు దాటినవారి నోళ్ళను మూడేండ్లకొకసారి చూచిరి. ఆరింటిలో మామూలు వైద్యము మాత్రమే సాగెను. చూచినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన పట్టభద్రులు. 2005లో సంకరనారాయణన్ బృందము ఫలితములను ప్రకటించెను. పొగాకుగాని మద్యముగాని వాడువారిలో నోటి కాన్సరు మరణములు నూటికి 34 వంతున తగ్గినవి. ఆ అలవాట్లు లేనివారిలో చెప్పుకొనదగిన లాభము కనబడలేదు. ఎవరి నోటిని తప్పక చూడవలెనో కూడ ఈ లెక్కయే చెప్పుచున్నది. భారత ప్రభుత్వము 2016లో ముప్పదియేండ్లు దాటినవారందరికి నోటి పరీక్ష జరుపవలెనని కార్యక్రమము రూపొందించినది.

ఇపుడు మరల రాయదుర్గమునకు వత్తము. శ్రీకాకుళమున వలె ఇచ్చట అడ్డపొగ లేదు. అంగిలిని చూచి తృప్తిపడు వైద్యుడు ఇచ్చట మోసపోవును. ఇచ్చటివారిది ఆకు, వక్క, సున్నముతో పొగాకు కలిపి బుగ్గన పెట్టుకొను అలవాటు, బీడీయు కలదు, పొట్లములలో అమ్ము వక్కపొడులు, గుట్కాలు ఇటీవలి తరమునకు వచ్చినవి. పొగాకు లేని వట్టి వక్కవలన ప్రమాదము లేదని చాలమంది తలతురు. అది నిజము కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ వక్కయే కాన్సరుకారకమని 2004లో ప్రకటించినది. వక్కను విడువక నములువారికి బుగ్గల లోపలి పొర క్రమముగా బిగిసి, నార కట్టి, నోరు తెరచుట కష్టమగును. మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టవలసిన నోటిలో రెండే పట్టును, తరువాత ఒకటే. కారము నోట పెట్టలేనను పిల్లవాడు, నోరు పూర్తిగా తెరువలేని పిల్లవాడు బడిలో కనబడినచో ఉపాధ్యాయునికి కూడ ఈ సంగతి తోచవలెను. ఈ స్థితి ఇరువదియేండ్లు నిండనివారిలోను కనబడుచున్నది.

కావున రాయదుర్గము వైద్యుడు మొదట చేయవలసినది ఒక ప్రశ్న వేయుట: “ఏమి నములుదురు? ఏ ప్రక్కన పెట్టుకొందురు?” రోగి వ్రేలితో చూపిన చోటనే మొదట చూడవలెను. రోగి జ్వరమునకు వచ్చినను, మోకాలినొప్పికి వచ్చినను, పొగాకు వాడువాడైనచో నోరు చూచుటకు రెండు నిమిషములు చాలును. రెండు మూడు వారములలో మానని పుండు, తుడిచినను పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, కారణము తెలియక కదలు పన్ను, ఇన్నాళ్ళు సరిపోయి ఇపుడు ఒరయుచున్న కట్టుడు పళ్ళు, ముద్ద మ్రింగునపుడు అడ్డు, మెడలో నొప్పిలేని బిళ్ళ: ఇవన్నియు ముక్క పరీక్షకు పంపదగినవి. మొనదేలిన పన్ను ఒరసి పుండు పడినదని తోచినచో ఆ మొనను అరగదీసి, రెండు వారములకు మరల రమ్మని చెప్పవలెను. వట్టి “రమ్మని” చెప్పుట చాలదు. తేదీ వ్రాసి ఇచ్చి, రానిచో కబురు చేయు వైద్యుడే ఆ రోగిని కాపాడును. పుండు రెండు సెంటీమీటర్లకు మించక, మెడకు ప్రాకకయున్న కాలములో చికిత్స పొందినవారిలో అత్యధికులు ఐదేండ్లు దాటి జీవింతురు. బిళ్ళ కట్టిన తరువాత ఆ సంఖ్య చాల తగ్గును. దవడ ఎముకను తీయవలసి వచ్చును. తినుట, మాటలాడుట కూడ కష్టమగును.

చూచు క్రమము కూడ ఒకటి ఉన్నది. ముందు మెడను రెండు ప్రక్కల తడిమి చూడవలెను. కట్టుడు పళ్ళు ఉన్నచో తీసివేయుమనవలెను. మచ్చ వాటి క్రింద దాగియుండవచ్చును. పెదవులను మడిచి, బుగ్గలను అద్దముతో ప్రక్కకు లాగి, చిగురుకును బుగ్గకును నడుమనున్న గాడిని చివరిదంతము వరకు చూడవలెను. తాంబూలపు ముద్ద నిలుచు చోటది; త్వరపడువారి కంటికి చిక్కని చోటును అదియే. నాలుకను గుడ్డతో పట్టి ప్రక్కలు చూచి, పైకెత్తించి అడుగుభాగము చూచి, నోటి అడుగును వ్రేలితో ఒత్తి చూడవలెను. కడపట తల వెనుకకు వంచుమని అంగిలిని చూడవలెను. అద్దము లేనిచో చెంచా కాడ చాలును. ఎండ కిటికీ వైపు కుర్చీ త్రిప్పినచో దీపమును అక్కరలేదు.